మత్తు డాక్టరు పీజీకి అవార్డు: దేన్ని చూసి ఇవ్వాలి?

క్లుప్తంగా

అనస్థీషియా పని బాగా జరిగిన రోజు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే పీజీ డాక్టర్లకు గుర్తింపు ఇవ్వాల్సి వచ్చినప్పుడు మార్కులు, పేపర్లు ముందుకొస్తాయి. థియేటర్లో చూపిన నాయకత్వం, జూనియర్లను తయారు చేసిన తీరు వెనకబడతాయి. ఈ రెండింటినీ కొలిచే పద్ధతులు లేకపోలేదు. కాకపోతే మన దగ్గర పై చదువుల సీట్లు ప్రవేశ పరీక్ష మార్కులతోనే తేలిపోతాయి కాబట్టి వాటిని కొలవాల్సిన అవసరం ఎవరికీ పెద్దగా రావడం లేదు.

రెసిడెంట్ అంటే ఎవరు?

"అనస్థీషియా రెసిడెంట్‌కు నాయకత్వం, పరిశోధన, మెంటార్‌షిప్‌లలో అవార్డు" అనే వార్త కనబడితే చదివేవాళ్ళకు రెండు సందేహాలు వెంటనే వస్తాయి. ఇంకా చదువుకుంటున్న మనిషికి నాయకత్వం ఏమిటి? మత్తు ఇచ్చే పనిలో పరిశోధనకు ఏముంటుంది?

మొదటి సందేహం ఆ మాట వల్లే వస్తుంది. 1889లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి తెరిచాక, అక్కడ శిక్షణ పొందే యువ డాక్టర్లు ఆసుపత్రిలోనే కాపురం ఉండేవారు. అక్కడే ఉంటారు కాబట్టి రెసిడెంట్లు. మన దగ్గర వాడుకలో వాళ్ళే పీజీలు. ఎంబీబీఎస్ అయ్యాక నీట్ పీజీ రాసి, ఎండీ అనస్థీషియాలో చేరి 3 ఏళ్ళు పనిచేస్తారు. ఎండీకి సమానమైన డీఎన్‌బీ డిగ్రీ అయినా అంతే. పేరుకు విద్యార్థులు, కానీ సర్కారీ బోధనాసుపత్రుల్లో రాత్రి పూట రోగి తల దగ్గర నిలబడేది చాలావరకు వీళ్ళే.

తిరుపతిలో ఇది తెలియని ఇల్లు తక్కువ. 1960లో మొదలైన ఎస్వీ మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా రుయా, ఆ పక్కనే మెటర్నిటీ ఆసుపత్రి, 1993 నుంచి స్విమ్స్, ఎముకల ఆపరేషన్లకు బర్డ్. మదనపల్లె నుంచి శ్రీకాళహస్తి దాకా, అటు కడప, నెల్లూరు, ఇటు తమిళనాడు సరిహద్దు ఊళ్ళ నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. ఆపరేషన్ చేసిన సర్జన్ పేరు ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. మత్తు ఇచ్చింది ఎవరని అడిగితే "ఎవరో మేడమ్, మాస్కు వేసుకుని ఉన్నింది" అంటారు.

ఏమీ జరగకపోవడమే ఫలితం

సర్జన్ పని కంటికి కనబడుతుంది. గడ్డ తీశారు, ఎముక అతికించారు, బిడ్డను బయటికి తీశారు. అనస్థీషియాలో మంచి ఫలితం అంటే బీపీ పడిపోలేదు, ఊపిరి ఆగలేదు, రోగికి మధ్యలో మెలకువ రాలేదు. అన్నీ "లేదు"లే. జరగని ప్రమాదాన్ని ఏ అవార్డు కమిటీ ముందూ పెట్టలేం.

మామూలుగా జరిగే ఒక సంగతి తీసుకుందాం. ఆపరేషన్ ముందు కడుపు ఖాళీగా ఉండాలి. తేలికపాటి తిండి అయితే కనీసం 6 గంటలు, నూనె, నెయ్యి ఉన్న తిండి అయితే 8 గంటలు, మంచినీళ్ళయితే 2 గంటలు ఆగాలి. లేకపోతే మత్తులో కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కొత్తగా చేరిన పీజీ "ఏమైనా తిన్నారా?" అని అడుగుతుంది. "లేదమ్మా, రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు" అంటాడు పెద్దాయన. పక్కనున్న సీనియర్ పీజీ అదే ప్రశ్న ఇంకో రకంగా వేస్తుంది. "తాతా, పొద్దున ప్రసాదం ఏమైనా నోట్లో వేసుకున్నావా?" అప్పుడు బయటపడుతుంది, కొండ నుంచి వచ్చిన బంధువులు కళ్ళకద్దుకోమని ఇచ్చిన లడ్డూ ముక్క. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్కలో ప్రసాదం తిండి కిందికి రాదు. కానీ అది నేతి లడ్డూ. ఆపరేషన్ వాయిదా పడుతుంది, సర్జన్ విసుక్కుంటారు, లిస్టు తారుమారవుతుంది. ఒక ప్రాణాపాయం తప్పి ఉండొచ్చు. రిజిస్టర్‌లో మాత్రం "కేసు వాయిదా" అని ఒక్క ముక్కే ఉంటుంది.

ఈ చిన్న ఘటనలో నాయకత్వం ఉంది, జూనియర్‌కు పాఠం ఉంది. "కడుపు ఖాళీ" అనే మాటను మన రోగులు ఎలా అర్థం చేసుకుంటారన్న మంచి పరిశోధన ప్రశ్న కూడా ఉంది. మూడింటిలో ఏదీ ఎవరి బయోడేటాలోకీ ఎక్కదు.

నాయకత్వం ఎక్కడ కనబడుతుంది?

పీజీల విషయంలో నాయకత్వం అనగానే అసోసియేషన్ పదవో, కాన్ఫరెన్స్ నిర్వహణో గుర్తొస్తుంది. డ్యూటీ చార్ట్ వేయడం, స్టైపెండ్ రాకపోతే మాట్లాడటం కూడా నాయకత్వమే, కాదనలేం. కానీ ఈ శాఖలో ఆ మాటకు అసలైన అర్థం థియేటర్ లోపల ఉంది.

2005లో ఇంగ్లండ్‌లో ఒక మామూలు సైనస్ ఆపరేషన్ కోసం మత్తు ఇచ్చిన మహిళకు గొంతులోకి ఊపిరి గొట్టం వేయడం కుదరలేదు, ఆక్సిజన్ అందలేదు. గదిలో అనుభవం ఉన్న డాక్టర్లే ఉన్నారు. నర్సులకు పరిస్థితి అర్థమైంది. ఒకరు గొంతు దగ్గర రంధ్రం చేసే సామాను తెచ్చి అందుబాటులో ఉందని చెప్పారు కూడా. డాక్టర్లు గొట్టం వేసే ప్రయత్నంలోనే మునిగిపోయారు. గట్టిగా ఆపి చెప్పే చనువు ఎవరికీ లేకపోయింది. ఆమె కోలుకోలేదు. ఆ తర్వాత ప్రపంచమంతా అనస్థీషియా శిక్షణలో ఈ కేసును పాఠంగా చెబుతున్నారు. అక్కడ లోటు చేతి నైపుణ్యంలో లేదు, ఒకరి మాట ఒకరు వినడంలో ఉంది. "సర్" అన్న తర్వాత రెండో మాట రావడం కష్టమయ్యే మన థియేటర్లకు ఈ పాఠం ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

దీన్ని కొలవడానికి స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మనస్తత్వ నిపుణులు, అక్కడి మత్తు డాక్టర్లు కలిసి ఒక పద్ధతి తయారు చేశారు. దాని పేరు యాంట్స్. పనిని సర్దుకోవడం, జట్టుతో కలిసి పనిచేయడం, చుట్టూ ఏం జరుగుతోందో గమనించడం, నిర్ణయం తీసుకోవడం అని 4 విభాగాలు, వాటి కింద 15 అంశాలు. పరిశీలకుడు పక్కన ఉండి, చూసిన ప్రవర్తనకు 1 నుంచి 4 దాకా మార్కు వేస్తాడు. "ఈ అమ్మాయిలో లీడర్‌షిప్ ఉంది" అనే గాలి మాట బదులు "బీపీ పడుతోందని సర్జన్‌కు గట్టిగా చెప్పింది, రక్తం తెప్పించమని ఫలానా సిస్టర్‌ను పేరు పెట్టి పిలిచింది" అని రాయొచ్చు. తేడా చాలా ఉంది.

ఇంకో రకం నాయకత్వం అల్మారాలో దొరుకుతుంది. వెన్నులో ఇచ్చే మత్తుకు వాడే బుపివకైన్, రక్తస్రావం ఆపడానికి సిరలోకి ఇచ్చే ట్రానెగ్జామిక్ యాసిడ్ కొన్ని కంపెనీల ఆంప్యూళ్ళలో చూడటానికి ఒకేలా ఉంటాయి. సిజేరియన్లప్పుడు రెండూ ఒకే ట్రేలో ఉండే అవకాశం ఎక్కువ. ఒకదానికి బదులు రెండోది వెన్నులోకి వెళ్తే మూర్ఛలు, గుండె లయ తప్పడం జరుగుతాయి. ప్రపంచవ్యాప్తంగా బయటికి వచ్చిన అలాంటి కేసుల్లో సుమారు సగం మంది చనిపోయారు. దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. ఆ ఆంప్యూళ్ళను మత్తు ట్రాలీలోంచి తీసి వేరే చోట పెట్టడం, సిరంజి మీద ప్లాస్టర్ ముక్క అంటించి మార్కర్‌తో మందు పేరు రాయడం, మందు ఎక్కించే ముందు ఇద్దరు చదవడం. ఒక సెకండ్ ఇయర్ పీజీ పట్టుబట్టి ఈ మార్పు చేయించాడనుకుందాం. స్టోర్ ఫార్మసిస్టుతో మాట్లాడాలి, సిస్టర్లను ఒప్పించాలి, "ఇన్నేళ్ళూ ఇలాగే ఉంది, ఏమైంది?" అనే మాట పడాలి. నాయకత్వానికి అవార్డు ఇవ్వాలంటే కాన్ఫరెన్స్ స్టేజీ మీద మైకు పట్టుకున్నవాళ్ళ కంటే ముందు ఇతన్ని చూడాలి.

పరిశోధన: గ్రూపుకు 30 మంది

మూడింటిలో లెక్కకు తేలిగ్గా దొరికేది పరిశోధన. అందుకే దాని బరువు మిగతా రెండింటి కంటే ఎప్పుడూ ఎక్కువే.

ప్రతి పీజీ థీసిస్ చేయాల్సిందే. ఆమోదం వస్తేనే పరీక్ష రాయనిస్తారు. జాతీయ వైద్య కమిషన్ 2023 నాటి నిబంధనల్లో పరిశోధన పద్ధతులు, నైతిక నియమాల మీద కోర్సులు తప్పనిసరి చేసింది. కాన్ఫరెన్స్‌లో పోస్టరో పేపరో ఇవ్వడం, పత్రిక ప్రచురణ కూడా శిక్షణలో భాగమే. ఫస్ట్ ఇయర్‌లోనే సినాప్సిస్ (థీసిస్‌లో ఏం చేస్తారో చెప్పే ప్రణాళిక) రాయాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, మందుల ప్రయోగమైతే కేంద్ర రిజిస్ట్రీలో ముందే నమోదు కావాలి.

ఇదంతా డ్యూటీల మధ్య జరగాలి కాబట్టి 3 ఏళ్ళలో తేలే ప్రశ్ననే ఎంచుకుంటారు. దేశంలో ఏ కాలేజీ లైబ్రరీకి వెళ్ళినా ఒక రకం థీసిస్‌లు వరసగా కనబడతాయి. వెన్నులో ఇచ్చే బుపివకైన్‌కు ఒక గ్రూపులో ఫెంటనిల్ అనే మందు, ఇంకో గ్రూపులో డెక్స్‌మెడిటోమిడిన్ అనే మందు కలిపి ఎవరికి నొప్పి ఎక్కువసేపు తగ్గిందో చూడటం. గ్రూపుకు 30 మంది. ఫలితం దాదాపు ముందే తెలుసు. ఇది పీజీల తప్పు కాదు. గడువు, గైడ్‌కున్న తీరిక, దొరికే మందులు కలిసి వాళ్ళను అటు నెడతాయి. పరిశోధన ఎలా చేయాలో నేర్చుకోవడానికి అది పనికొస్తుంది కూడా. కాకపోతే దాన్ని చూసి "పరిశోధనలో విశేష ప్రతిభ" అంటే ఆ మాటకు విలువ పోతుంది.

తెలుగు నేలకు ఈ విషయంలో చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. 1888, 1889లలో నిజాం డబ్బుతో హైదరాబాద్‌లో అప్పటి మత్తుమందు క్లోరోఫామ్ మీద రెండు కమిషన్లు పనిచేశాయి. నడిపించింది అక్కడి బ్రిటిష్ రెసిడెన్సీలో సర్జన్ అయిన ఎడ్వర్డ్ లారీ. రోజూ తమ చేతుల్లో ఉన్న మందు ముందు గుండెను ఆపుతుందా, ఊపిరిని ఆపుతుందా అన్నదే ప్రశ్న. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ అనుమానం వ్యక్తం చేస్తే రెండో కమిషన్‌కు లండన్ నుంచి నిపుణుణ్ణి రప్పించి, అతని ఎదుటే వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు. అదే హైదరాబాద్‌లో రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫామ్ ఇచ్చేవారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఆమెది ముందు వరస. కమిషన్ తేల్చింది ఊపిరి గమనిస్తే చాలు, గుండెకు ప్రమాదం లేదని. 1911లో లండన్‌లో లెవీ అనే డాక్టర్ చేసిన ప్రయోగాలు అది తప్పని చూపించాయి. తక్కువ మోతాదు క్లోరోఫామ్‌లో కూడా గుండె హఠాత్తుగా లయ తప్పి ఆగిపోగలదు. జవాబు తప్పినా, తమ వార్డులోంచి పుట్టిన ప్రశ్నను ప్రపంచం ముందు పెట్టి, పరీక్షకు నిలబడటం పరిశోధనే.

పేపర్ల సంఖ్యను కొలబద్దగా పెట్టుకుంటే ఏమవుతుందో కూడా ఈ శాఖే చూసింది. జపాన్‌కు చెందిన మత్తు డాక్టర్ యోషితాకా ఫుజీ వాంతుల మందుల మీద వరసగా పేపర్లు రాశాడు. ఇంగ్లండ్‌లో జాన్ కార్లైల్ అనే మత్తు డాక్టర్ ఆ అంకెలను గణాంకాలతో పరీక్షించి, అవి సహజంగా వచ్చే అవకాశం లేదని 2012లో చూపించాడు. అదే ఏడాది జపాన్ సంఘం విచారణలో 170కి పైగా పేపర్లలో కల్పిత సమాచారం ఉందని తేలింది. పీజీ స్థాయిలో ఇంత ఘోరం ఉండదు గానీ, డబ్బు కడితే వారంలో వేసే పత్రికలు ఫోన్లోనే పలకరిస్తున్న కాలమిది. కమిటీ పేపర్లు లెక్కపెట్టే బదులు ఒకే ఒక పేపర్ తీసుకుని "ఈ ప్రశ్న నీకెలా వచ్చింది?" అని పది నిమిషాలు అడిగితే చాలావరకు తేలిపోతుంది.

జూనియర్‌కు ఇచ్చిన సూది

మెంటార్‌షిప్‌కు మార్గదర్శనం అనే మాట ఉంది గానీ, పీజీల మధ్య ఎవరూ వాడరు. "అక్క దగ్గర నేర్చుకున్నా", "అన్న చూపించాడు" అంటారు. ప్రొఫెసర్ క్లాసులో చెప్పేది చదువు. థియేటర్లో కన్సల్టెంట్ పక్కన ఉండటం పర్యవేక్షణ. ఏడాది ముందు చేరిన సీనియర్ చేసేది మూడోది. తాను నిన్నే దాటి వచ్చిన కష్టం కాబట్టి జూనియర్ ఎక్కడ తడబడుతుందో ఆ సీనియర్‌కు బాగా తెలుసు.

దీనికి అయ్యే ఖర్చు బయటివాళ్ళకు కనబడదు. గొంతులో గొట్టం వేయడం పదికి తొమ్మిది సార్లు సరిగ్గా కుదరాలంటే సగటున 57 ప్రయత్నాలు కావాలని 1998లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. వెన్నులో మత్తు కూడా చేసి చేసి అబ్బాల్సిందే. కేసులు ఎన్ని ఉంటే అన్నే అవకాశాలు. సెకండ్ ఇయర్ పీజీ జూనియర్‌కు ఇచ్చిన ప్రతి సూదీ తన లాగ్‌బుక్‌లో ఒకటి తగ్గినట్టే. ఒక పక్క రోగి వంగి కూర్చుని ఉంటుంది. జూనియర్ సూది ఎముకకు తగిలి ఆగుతుంది, చేతికి చెమట పడుతుంది. గౌను వేసుకున్న సర్జన్ "ఏమ్మా, ఇంకెంతసేపు?" అంటారు. అప్పుడు సీనియర్ సూది లాక్కుని తానే చేసేస్తే ఒక నిమిషంలో పని అయిపోతుంది. "రెండు నిమిషాలు సర్" అని సర్జన్‌కు చెప్పి, జూనియర్ చెవి దగ్గర "కొంచెం పైకి తిప్పు, టెన్షన్ పడకు" అంటే ఆ జూనియర్‌కు ఆ రోజుతో చెయ్యి తిరుగుతుంది. ఎంతవరకు ఆగాలి, ఎప్పుడు తాను తీసుకోవాలి అన్నది తెలియడమే ఇక్కడ నేర్పు. రోగిని నొప్పించి నేర్పడం నేర్పడం కాదు.

దీన్ని ఎవరు చెప్పాలి? జూనియర్లే చెప్పాలి. అమెరికాలోని చాలా విభాగాల్లో "ఉత్తమ బోధకుడైన రెసిడెంట్" లాంటి అవార్డులకు హౌస్ సర్జన్లు, జూనియర్లు ఓటు వేస్తారు. లోపం లేని పద్ధతేం కాదు. సరదాగా ఉండి, సమోసాలు తెప్పించే సీనియర్‌కు ఓట్లు ఎక్కువ పడొచ్చు. దాన్ని సరిచేయడానికి ఓటీ సిస్టర్లను, టెక్నీషియన్లను కూడా అడగొచ్చు. ఏ పీజీ ఉన్నప్పుడు రాత్రి డ్యూటీ నిశ్చింతగా గడుస్తుందో వాళ్ళ కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మన విభాగాల్లో వాళ్ళ అభిప్రాయం అడిగే ఆనవాయితీ పెద్దగా లేదు, పేరు మాత్రం హెచ్‌ఓడీ (విభాగాధిపతి) సూచిస్తారు. హెచ్‌ఓడీ ఎంత నిష్పక్షపాతి అయినా రాత్రి రెండు గంటలకు థియేటర్లో ఉండరు.

అక్కడ ఎక్కువ, ఇక్కడ తక్కువ ఎందుకు?

అమెరికాలో అనస్థీషియా శిక్షణ ఇంటర్న్ ఏడాదితో కలిపి 4 ఏళ్ళు. చివరి ఏడాదిలో కొందరిని చీఫ్ రెసిడెంట్లుగా ఎంచుకుంటారు. డ్యూటీలు వేయడం, జూనియర్ల బాగోగులు, అధ్యాపకులకూ రెసిడెంట్లకూ మధ్య వారధిగా ఉండటం వాళ్ళ పని. శిక్షణను గుర్తించే సంస్థ 1999లోనే వైద్య పరిజ్ఞానంతో పాటు సంభాషణ, వృత్తి ధర్మం లాంటివి కలిపి 6 సామర్థ్యాలు పెట్టింది. ఆ తర్వాత ఫెలోషిప్‌కు (పై శిక్షణకు) వెళ్ళాలంటే సిఫార్సు లేఖలు, ఇంటర్వ్యూ, బయోడేటా చూస్తారు. అవార్డు అక్కడ అక్కరకొస్తుంది.

మన దగ్గర దారి వేరు. పీజీ సీటు నీట్ ర్యాంకుతో, ఆ పైన సూపర్ స్పెషాలిటీ చదువైన డీఎం సీటు 2017 నుంచి నీట్ సూపర్ స్పెషాలిటీ ర్యాంకుతో వస్తాయి. ఎంత మంచి సీనియర్ అయినా, ఎన్ని ఆంప్యూళ్ళు సర్దినా ర్యాంకు ఒక్క మెట్టు పైకి జరగదు. ఇందులో ఒక న్యాయం ఉందని ఒప్పుకోవాలి. సిఫార్సు లేఖల పద్ధతి ఇక్కడికి వస్తే అది ఎవరి పిల్లలకు ఉపయోగపడుతుందో ఊహించడం కష్టం కాదు. పరీక్ష మార్కుకు బంధుత్వం తెలియదు. ఆ భయం వల్లే కొలవగలిగినదానికే కట్టుబడ్డాం. దాని మూల్యం ఏమిటంటే, మార్కుల్లోకి రానిది ఎంత ముఖ్యమైనా పీజీ తన ఇష్టంతో చేయాల్సిందే. థర్డ్ ఇయర్ వచ్చేసరికి తన పరీక్ష తనకుంటుంది.

1947లో ఏర్పడిన భారతీయ అనస్థీషియా వైద్యుల సంఘం ఏటా జాతీయ సదస్సులో పీజీలకు పేపర్ పోటీలు, క్విజ్‌లు పెడుతుంది. 1846లో ఈథర్ అనే మత్తుమందుతో బహిరంగంగా ఆపరేషన్ చేసి చూపిన అక్టోబర్ 16ను మత్తు డాక్టర్ల దినంగా జరుపుకుంటున్నారు. ఆ రోజు కాలేజీల్లో గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కే విధానం నేర్పుతారు. తిరుపతిలో దీనికి ప్రత్యేకమైన అవసరం ఉంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కే లక్షల మందిలో గుండె జబ్బు ఉన్నవాళ్ళూ, అది ఉందని తెలియనివాళ్ళూ ఉంటారు. మెట్ల దారిలో దుకాణాలవాళ్ళకు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కడం నేర్పిన పీజీల పనిని ఏ కేటగిరీలో వేయాలో చెప్పడం కష్టం. మూడింటిలోనూ పడుతుంది.

గుర్తింపు వస్తే ఏం మారుతుంది?

అవార్డు వల్ల ఒక్కసారిగా సంస్కృతి మారిపోదు. కానీ దేనికి ఇచ్చారో కారణం బయటికి చదివితే, అది విన్న ఫస్ట్ ఇయర్‌కు ఇక్కడ దేనికి విలువ ఉందో అర్థమవుతుంది. "ఉత్తమ పీజీ" అని మాత్రమే రాసిన మెమెంటో ఏమీ నేర్పదు. "ట్రాలీలో మందుల అమరిక మార్చినందుకు" అని రాస్తే పక్క విభాగం వాళ్ళు కూడా వచ్చి ఆ ట్రాలీ చూసి వెళ్తారు.

జిల్లా ఆసుపత్రుల కోణం కూడా ఉంది. ఇప్పుడు ప్రతి పీజీ శిక్షణ మధ్యలో 3 నెలలు జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో పనిచేయాలి. అక్కడ బోధనాసుపత్రిలో ఉన్నంత మంది సీనియర్లు ఉండరు. సిస్టర్‌తో, టెక్నీషియన్‌తో, ఊరికి కొత్తయిన గైనిక్ డాక్టర్‌తో పని చక్కబెట్టుకోవాలి. యాంట్స్‌లోని 4 విభాగాలూ అక్కడ రోజూ పరీక్షకు వస్తాయి. అక్కడి డాక్టర్లు రాసే రెండు వాక్యాలకు అవార్డు ఎంపికలో చోటు ఇస్తే, పీజీలు ఆ 3 నెలలను సెలవుల్లా చూడటం కొంత తగ్గొచ్చు.

చిక్కు సమయం దగ్గర ఉంది. అమెరికాలోనైనా ఇక్కడైనా అవార్డు కోర్సు ముగిసేటప్పుడు ఇస్తారు. పేపర్లు అప్పటికి సిద్ధంగా ఉంటాయి. జూనియర్లను తయారు చేసిన తీరుకు రుజువు మాత్రం ఇంకో ఏడాది తర్వాతే వస్తుంది, ఆ జూనియర్ సీనియరై ఇంకొకరి చేతికి సూది ఇచ్చినప్పుడు. అప్పటికి నేర్పిన డాక్టరు నెల్లూరులోనో బెంగళూరులోనో ఉంటారు. మెంటార్‌షిప్‌కు నిజంగా అవార్డు ఇవ్వదలిస్తే ఏ విభాగమైనా ఒక ఏడాది ఆగి, మెమెంటోను కొరియర్‌లో పంపాల్సి వస్తుంది.